పొట్టేలు కొమ్ముల కోర్టు

కుర్చీ కాలు విరిగితే నాజరు. ఫ్యాను తిరక్కపోతే నాజరు. సమన్లు అందించడానికి ఊళ్లోకి పోయిన అమీనా బంట్రోతును కుక్క కరిస్తే సూది వేయించాల్సిందీ నాజరే. తీర్పు ఒక్కటే జడ్జిగారిది, తక్కిన కోర్టంతా నాలాంటి నాజరు నెత్తి మీదే ఉంటుంది. కొత్తగా కోర్టు కొలువుల్లో చేరి నన్ను చూడవచ్చే పిల్లలకు ఇంతవరకు చెప్పి, కాఫీ ఇచ్చి పంపించేవాణ్ణి. ఈమధ్య ఒక అమ్మాయి వదల్లేదు. "పని సంగతి సరే సారూ, అన్నేళ్లలో మీరు మరిచిపోలేనిది ఒకటి చెప్పండి" అంది. నేను మరిచిపోలేనిది ఒక గోడ. కాఫీ చల్లారేలోగా చెప్పేది కాదది. అందుకని రాస్తున్నాను.

నేను హోసూరు బజారులో పెరిగినవాణ్ణి. మాది తాళ్లు, బొక్కెనలు, గడ్డపారలు అమ్మే అంగడి. ఇటుపక్క బియ్యం, అటుపక్క గుడ్డలు, ఎదురుగా ఇత్తడి పాత్రలు. నాకు అక్షరాల కంటే బేరం ముందు వచ్చింది. కొనేవాడు ఒకటి చెప్తాడు, మనం ఒకటి చెప్తాం, చివరికి నడిమికి తెంచి చేతులు కలపాలి. ఇద్దరిలో ఎవడూ ఓడిన మొహంతో ఇంటికి పోగూడదు. ఇదీ మా నాయన పద్ధతి. కొలువులో చేరినాక నేను మార్చింది చొక్కా మాత్రమే. బల్లలు కొన్నా, వెల్ల వేయించినా, కిటికీ పక్క కుర్చీ కోసం గుమాస్తాలు తగాదా పడినా నడిమికి తెంచేవాణ్ణి. ఆఫీసులో నా వెనక 'అంగడాయన' అని చెప్పుకునేవాళ్లు. వినపడనట్టే ఉండేవాణ్ణి, లోపల మాత్రం సంతోషించేవాణ్ణి.

తొంభైల్లో నన్ను కృష్ణగిరికి మార్చారు. ఆ కోర్టు ఇంగ్లీషువాళ్ల కాలపుది. ముందు వెడల్పాటి రాతి మెట్లు. మెట్ల పైన వరసగా గుండ్రటి కంబాలు, ఒక మనిషి కావిలించుకుంటే చేతులు కలవనంత లావు. ఒక్కొక్క కంబం తల మీద రెండు పక్కలా లోపలికి చుట్టుకున్న నగిషీ. వాటి మీద అడ్డంగా బరువైన దూలం, దూలం మీద కొండంత త్రికోణం, దాని నడుమ గడియారం కోసం వదిలిన గుండ్రటి గూడు. గడియారం రాలేదు, పావురాలు వచ్చాయి. ఇటుకతో కట్టి, సున్నపు గచ్చు మెత్తి, గవ్వలాగా మెరిసేదాకా రుద్దిన కంబాలవి. మండుటెండలో చెంప ఆనిస్తే చల్లగా ఉండేవి.

కంబాల వెనక లోతైన వరండా. వరండా వెనక గోడకు రెండు పెద్ద తలుపులు. వాటిలోంచి పోతే ఎత్తయిన హాలు, అందులో జడ్జిగారి పీఠం. ఆ రెండు తలుపుల మధ్య, సరిగ్గా నడిమి కంబాలకు ఎదురుగా, గోడలో మనిషి నిలబడేంత గూడు ఉండేది. లోపలంతా గుండ్రంగా, పైన ఆల్చిప్ప తెరిచినట్టు వంపు. ఏ రాణి బొమ్మ కోసమో కట్టి ఉంటారు. ఆ బొమ్మా రాలేదు.

ఇది గ్రీకు దేశపు గుళ్ల నమూనా అని పనుల శాఖ ఇంజనీరు నాకు చెప్పాడు. ఆయన చెప్పకముందే అంచెట్టి కొండల నుంచి వచ్చేవాళ్లకు అది గుడేనని తెలుసు. మెట్ల కిందే చెప్పులు విడిచి ఎక్కేవాళ్లు. పశువులు మేపుకునే ఒక ముసలామె ఆ నగిషీ చూసి 'పొట్టేలు కొమ్ముల కోర్టు' అనేది. ఆమె సంగతి వస్తుంది.

నాకు ఆ కట్టడం మొదటి రోజే నచ్చలేదు. అంగడివాడి కళ్లకు ఖాళీ జాగా నష్టంలాగే కనిపిస్తుంది. నాలుగు అంగళ్లు పట్టే వరండాలో గాలి తప్ప సరుకు లేదు. మనుషులు ఐదడుగులుంటే తలుపులు అంతెత్తు దేనికి? కప్పు కింద ఇంకో మిద్దె వేసుకోవచ్చు గదా? ఇవీ నా ఆలోచనలు.

ఆ ఖాళీని వాడుకుంటున్న మనిషి ఒక్కడున్నాడు. మా డఫేదారు. తెల్ల దుస్తులు, అడ్డంగా ఎర్ర పట్టా, దాని మీద ఇత్తడి బిళ్ళ. కేసు వచ్చినప్పుడు కక్షిదారు పేరు మూడుసార్లు పిలవడం ఆయన పని. మూడు పిలుపులకూ మనిషి రాకపోతే ఆ కేసు అంతటితో కొట్టేస్తారు. ఆయన బొమ్మ లేని ఆ గూట్లోకి పోయి, వీపు గోడకు ఆనించి, గట్టిగా అరవకుండా, ఎదురింటివాళ్లను పలకరించినట్టు పిలిచేవాడు. ఆ మాట ఆల్చిప్పలో తిరిగి, గచ్చు గోడలకు తగిలి, కంబాల సందుల్లోంచి అన్ని పక్కలకూ పోయి, మైదానం చివర కానుగ చెట్టు కింద పడుకున్నవాణ్ణి లేపేది.

మొదటి రెండు పిలుపులూ తమిళంలో. మూడోది వాళ్ల భాషలో. తళి వైపు కన్నడం మాట్లాడేవాళ్లయితే కన్నడంలో, మనవాళ్లయితే తెలుగులో, తండ్రి పేరూ ఊరి పేరూ చేర్చి. ఏ రూల్సులోనూ లేదది.

"ఎందుకన్నా ఆ కష్టం?" అని ఒకసారి అడిగాను.

"కోర్టులో పేరు పిలిస్తే గుండె జల్లుమంటుంది సారూ. మొదటి రెండు తూరులూ బెదిరిపోతారు. మూడోది ఇంట్లోవాళ్లు పిలిచినట్టుంటే లేసి వస్తారు" అన్నాడు.

ఆయన కృష్ణగిరి వైపు పోచంపల్లి పక్కవాడు. చిన్నప్పుడు వారపు సంతలో వాళ్ల నాయన మేకలు అమ్మేవాడట. "మీది అంగడి, మాది సంత. మీరు కూర్చుని అరుస్తారు, మేము నిలబడి అరుస్తాము" అని నన్ను ఎగతాళి చేసేవాడు. ఆఫీసులో నన్ను మొహం మీదే ఆటపట్టించేది ఆయనొక్కడే.

రికార్డులు పెరిగిపోయాయి. ఎర్రగుడ్డ మూటల్లో కట్టిన పాత కేసులు గదులు నిండి, నడవల్లోకి, చివరికి మరుగుదొడ్డి పక్కకు కూడా వచ్చాయి. వెనక షెడ్డు వేద్దామని ఇంజనీరు రాశాడు. పైనుంచి మంజూరు కాలేదు. అప్పుడు అందరి కళ్లూ వరండా మీద పడ్డాయి. కంబాల మధ్య గోడలు లేపేస్తే అంతా రికార్డు గదే. వకీళ్లు సరేనన్నారు, జడ్జిగారు సరేనన్నారు.

డఫేదారు నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"మూయొద్దని చెప్పండి సారూ. మూస్తే పిలుపు యాడికి పోతుంది?"

"నాకు వదిలెయ్యన్నా. నడిమి కంబాల మధ్య దోవ వదిలిస్తాను. నీ గూడు నీకు ఉంటుంది."

"గూట్లో నిలబడేది నేను. పిలుపు నడిచేది ఆ కంబాల సందుల్లో."

"అంతా కావాలంటే అంతా పోతుంది. నడిమికి వద్దాం."

ఆయన నా మొహం చూసి నవ్వాడు. "మీ నాయన అంగడి మూసినా మీరు మూయలేదు గదా సారూ" అన్నాడు.

నేను అందరితో మాట్లాడి నడిమికి తెంచాను. నడిమి సందు ఒక్కటి తెరిచి ఉంచి, తక్కినవన్నీ ఇటుకతో మూశారు. లోపల తలుపులదాకా పోయే దోవకు రెండు పక్కలా ఇనుప జాలీ, జాలీ వెనక కప్పుదాకా మూటలు. పనయినాక మెట్ల కింద నిలబడి చూసుకున్నాను. కంబాలు గోడలో సగం కూరుకుపోయి, బురదలో దిగబడిన ఎద్దుల్లా ఉన్నాయి. అయినా మంచి బేరం చేశాననే అనుకున్నాను. రికార్డులకు గది, డఫేదారుకు గూడు. ఎవరూ ఓడిపోలేదు.

ఒకటి నా లెక్కలోకి రాలేదు. అంతకుముందు జనం వరండాలోనే, కంబాలకు ఆనుకుని కూర్చునేవాళ్లు. వరండా పోగానే వాళ్లంతా కానుగ చెట్టు కిందికి పోయారు. చెట్టు మైదానానికి ఒక పక్కగా ఉంది, నడిమి సందుకు ఎదురుగా లేదు. మనుషులు దూరమయ్యారు, దోవ ఇరుకయింది, మిగిలిన మాటను గుడ్డ మూటలు తాగేశాయి. డఫేదారు గూట్లోంచి బయటికి వచ్చి, మెట్ల మీద నిలబడి, మెడ నరాలు ఉబ్బేట్టు అరవడం మొదలుపెట్టాడు. లారీ పోతుంటే అదీ లేదు.

అంచెట్టి ముసలామె గోడలు లేవకముందు నుంచీ వస్తోంది. పశువులను వాగుకు తోలే దారిని పక్క చేనివాడు ముళ్లకంపతో మూసేశాడని ఆమె కేసు. దారి లేకపోతే పశువులకు నీళ్లు లేవు, పశువులు లేకపోతే ఆమెకు బతుకు లేదు. కింది కోర్టులో ఓడి అప్పీలుకు ఇక్కడికి వచ్చింది. కొండల్లోంచి తెల్లవారి బస్సు పట్టుకుని, ఇంకో రెండు బస్సులు మారి, రాగిముద్ద మూటతో వాయిదా తప్పకుండా వచ్చేది.

గోడలు లేచినాక ఒక వాయిదా రోజు ఆమె వకీలు హోసూరు కోర్టులో ఇరుక్కుపోయాడు. కేసు వచ్చింది. డఫేదారు మెట్ల మీదికి పోయి మూడుసార్లు పిలిచాడు. మూడోది తెలుగులో, ఊరి పేరుతో సహా. నేను నా బల్ల దగ్గర్నించి విన్నాను. ఎవరూ రాలేదు. అప్పీలు కొట్టేశారు.

మధ్యాహ్నం భోజనాల వేళ ఆమె మెట్ల కింద చెప్పులు విడిచి పైకి వచ్చింది. డఫేదారు, నేను దోవలో నిలబడి ఉన్నాం.

"ఏమప్పా, నా పేరు ఎప్పుడు పిలుస్తావు? బస్సు పోతుంది."

డఫేదారు పట్టా మీది బిళ్ళ సర్దుకున్నాడు. "పిలిచినానమ్మా" అన్నాడు.

"ఎప్పుడు పిలిచినావు? నేను ఆడనే ఉండా, చెట్టు కింద. లేసి పోలేదు, నిద్ర పోలేదు."

"మూడు తూర్లు పిలిచినానమ్మా."

"ఊరుకోప్పా, ఎగతాళికి. నీ గొంతు నాకు తెలవదా?"

ఆమె నవ్వుతూనే అంది. ఆయన నవ్వడం లేదని చూసి ఆమె కూడా ఆపేసింది. తరవాత నా వైపు తిరిగి "ఏమంటాడప్పా ఈయన?" అని అడిగింది. కేసు కొట్టేశారని చెప్పే వంతు నాదయింది. ఆమె మెట్ల మీద కూర్చుండిపోయి, గోడలో ఇరుక్కున్న కంబాన్ని చేత్తో తడుముతూ చాలాసేపు ఉంది. ఏడవలేదు. "పొట్టేలును కట్టేసినారు" అని మాత్రం అంది.

ఆమె వకీలు అప్పీలు మళ్లీ తీసుకోమని అర్జీ వేశాడు. రాకపోవడానికి తగిన కారణం చూపించాలి. అవతలి వకీలు లేచి, మూడుసార్లు పిలిచారు, అందరూ విన్నారు, ఆమెకే శ్రద్ధ లేదన్నాడు. జడ్జిగారు డఫేదారును ముందుకు రమ్మన్నారు.

"సరిగ్గా పిలిచారా?"

హాల్లో నేనూ ఉన్నాను. 'గోడ అడ్డమయిందయ్యా' అంటాడని చూస్తున్నాను. నేను కూడా లేచి అవునందామని చొక్కా సర్దుకున్నాను. ఆయన చేతులు కట్టుకుని ఇట్లా అన్నాడు: "పిలిచినానయ్యా. నా గొంతు ముందు మాదిరి లేదు. ఆయమ్మకు వినపడి ఉండదు. తప్పు నాదే."

అర్జీ ఒప్పుకున్నారు. ముసలామె కేసు బతికింది. డఫేదారును పిలుపు పని నుంచి తప్పించి, వయసయిన మనిషి కదా అని నీడపట్టున రికార్డు గదిలో వేశారు. ఆ గోడల వెనకే.

నేను ఆయనను నిలదీశాను. "నీ గొంతుకేమన్నా? లక్షణంగా ఉంది. అబద్ధం ఎందుకు చెప్పినావు?"

ఆయన ఒక మూట దుమ్ము దులుపుతూ అన్నాడు: "గోడ మీద చెప్తే గోడ కట్టించినోళ్లు ఊరుకుంటారా సారూ? అవునా కాదా అని తేలేటప్పటికి ఆయమ్మ పశువులు చస్తాయి. గొంతు మీద చెప్తే ఎవరికీ నొప్పి లేదు."

"నీకు?"

"నాదేముంది, సంతలో పుట్టిన గొంతు" అన్నాడు. కానీ ఇంకొకడు మెట్ల మీద నిలబడి పిలుస్తున్నప్పుడల్లా ఆయన చేతిలో పని ఆగిపోవడం జాలీలోంచి నాకు కనిపించేది. కొత్తాయన తమిళంలోనే మూడూ పిలిచేవాడు.

అప్పుడు నేను జీవితంలో మొదటిసారి బేరం లేకుండా ఒకటి అడిగాను: గోడ మొత్తం తీసెయ్యండి. జడ్జిగారు మారారు, ఇంకొకరు వచ్చారు, ఆయనా మారారు. అందరికీ చెప్పాను. "ఒక కిటికీ పెట్టిద్దాం" అన్నాడొకాయన. "ఇంకో సందు తెరుద్దాం" అన్నాడు ఇంకొకాయన. నడిమికి వస్తున్నారు! నా సరుకే నాకు అమ్ముతున్నారు. ఇంజనీరు నా మీద జాలిపడి, "ఆ వరండా తంబుర బుర్ర లాంటిదండీ. ఖాళీగా ఉంటేనే పలుకుతుంది. సగం దూది కుక్కితే సగం పలకడం కాదు, అసలే పలకదు" అన్నాడు. కట్టకముందు అడిగి ఉంటే ఈ మాట అప్పుడే చెప్పేవాడు. అప్పుడు మాలో ఎవరికీ అడగాలని తోచలేదు.

ముసలామె గెలిచింది. తీర్పు కాయితం ఇప్పించడానికి నేనే వెంట నిలబడ్డాను. "దారి వచ్చింది కదమ్మా" అన్నాను. "వచ్చిందప్పా. తోలేదానికి పశువులు లేవు. రెండు ఎండాకాలాలు నీళ్లు యాడ తెచ్చిపొయ్యను? అమ్మేసినాను" అంది. ఆ కాయితం మడిచి రవికలో పెట్టుకుని, డఫేదారు ఎక్కడున్నాడని అడిగి, జాలీ దగ్గరికి పోయి ఆయనకు దండం పెట్టి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

డఫేదారు రికార్డు గదిలోనే రిటైరయ్యాడు. కొన్నాళ్లకు గొంతులో గడ్డ లేచిందని తెలిసింది. బెంగళూరులో ఆపరేషను చేశారు. ప్రాణం నిలిచింది, గొంతు పోయి గుసగుస మిగిలింది. ఆ రోజు కోర్టులో చెప్పిన అబద్ధం ఆయన్ను వెతుక్కుంటూ వచ్చినట్టయింది.

కృష్ణగిరి వేరే జిల్లా అయినాక కోర్టుకు కొత్త కట్టడాలు వచ్చాయి. ఎత్తు తక్కువ కప్పులు, గాజు తలుపులు, పేర్లు పిలవడానికి మైకు. గోడ కట్టకముందు లోపలికి వచ్చిన ఇనుప బీరువాలు జాలీ దోవలోంచి బయటికి రావు కాబట్టి, సామాను తరలించడానికి పనివాళ్లు కంబాల మధ్య గోడలు పగలగొట్టేశారు. అన్నేళ్లు నేను అడిగి సాధించలేనిది బీరువాలు ఒక పూటలో సాధించాయి. ఇటుక రాలిపోయి, వరండాలోకి మళ్లీ అన్ని సందుల నుంచీ వెలుతురు వచ్చింది. కంబాలకు సిమెంటు అంటుకున్న మేర గచ్చు ఊడి ఎర్రటి ఇటుక బయటపడింది, పుండు పక్కు లేచినట్టు. కొమ్ములు మాత్రం చెదరలేదు.

నేను డఫేదారుకు కబురు పంపాను. మెడకు తువాలు చుట్టుకుని, చిక్కిపోయి వచ్చాడు. మెట్లెక్కమంటే చెయ్యి అడ్డంగా ఊపి, కానుగ చెట్టు కిందికి పోయి, ఆ ముసలామె కూర్చునే చోటే కూర్చున్నాడు. నా వైపు చెయ్యి చూపించాడు, తరవాత గూటి వైపు. నువ్వు పిలువు అని.

నేను అంగడి గట్టున కూర్చుని దారిన పోయేవాళ్లను బేరానికి పిలిచినవాణ్ణే గానీ, కోర్టు పిలుపు ఎన్నడూ పిలవలేదు. గూట్లోకి పోయి వీపు ఆనించాను. గోడ చల్లగా ఉంది. ఆయన పేరే పిలిచాను. అది ఇక్కడ రాయను. ఒకసారి తమిళంలో. నా గొంతు నాకే కొత్తగా, నాకంటే పెద్దదిగా వినపడింది. మోస్తున్న బీరువా దించి పనివాళ్లు తిరిగి చూశారు. చెట్టు కింద ఆయన కదల్లేదు.

రెండోసారి పిలిచాను. కదల్లేదు. తువాలు కూడా కదల్లేదు. అంటే తప్పు గోడది కాదేమో, ఇన్నేళ్లూ నేను ఊరికే దాన్ని తిట్టుకున్నానేమో అనిపించింది. ఇక చాలు, దిగిపోదాం అనుకున్నాను. దిగలేదు. ఊపిరి పట్టుకుని మూడోసారి తెలుగులో పిలిచాను, ఆయన తండ్రి పేరు, ఊరి పేరు చేర్చి.

ఆయన లేచాడు. మైదానం దాటి మెల్లగా వచ్చాడు. సర్వీసంతా బూట్లతో ఎక్కి దిగిన మెట్ల కింద ఆగి, వంగి, చెప్పులు విడిచాడు. పైకి వచ్చి నా పక్కన నిలబడి, ఆయాసం తీర్చుకున్నాడు.

"వినపళ్లేదా అన్నా?" అని అడిగాను.

నా చెవి దగ్గరికి వంగి, గాలి లాంటి గొంతుతో అన్నాడు: "మొదటిదానికే వినపడింది సారూ. ఇన్నేళ్లలో నన్ను ఎవరూ పిలిచింది లేదు గదా. మూడూ విందామని కూర్చున్నాను."